ఉత్తి ఫ్లాష్

"ఎర్రదారం కట్టుండేది ఉత్తి కెమెరా. దాంట్లో ఫిలిం రోలు లేదు. జ్ఞాపకం ఉండాదా?" చూలైలోని కల్యాణమండపం ముందు మోపెడ్‌కు స్టాండు వేస్తూ అడిగాడు వెంకటపతి.

"ఉంది మహానుభావా!" అంది హైమ, వీపున ఉన్న సంచి పట్టీలు సర్దుకుంటూ.

ఆ సంచి అంటే ఆమెకు ఎంత ముద్దో! కాలేజీ కుర్రాళ్లు వీపుకు తగిలించుకునే నీలం సంచి. వెంకటపతి బర్మాబజారులో కొన్నాడు. తక్కిన ఫోటోగ్రాఫర్లు తోలుపెట్టెలు మోసి భుజాలు వంగిపోతుంటే, హైమ పాత పరుపులో స్పాంజి కోసి దీని లోపల అరలు కుట్టింది. కెమెరాలకు ఒక గది, ఫ్లాషులకు ఒక గది, బ్యాటరీలకు చిన్న వసారా. మొగుడి వెనక కూర్చుని దాన్ని మోసుకొస్తుంటే పట్నమంతా తననే చూస్తున్నట్టుంది. తెనాలి నుంచి ఈ అరవదేశానికి కాపురానికి వచ్చి ఇంకా మెడలో పసుపుతాడు పచ్చదనమైనా తగ్గలేదు మరి.

"అసలు ఉత్తి కెమెరా ఎందుకండీ?"

"పెండ్లికి వచ్చినోళ్లంతా స్టేజీ ఎక్కుతారు. అందరికీ రోలు ఖర్చుపెడితే మనం గోవిందా. ఎవురో దారినపోయే చుట్టం నిలబడినాడనుకో, దీంతో ఒక మెరుపు మెరిపిస్తే చాలు. సంతోషంగా భోజనానికి పోతాడు."

హైమ పకపకా నవ్వింది. గుమ్మం దగ్గరికి రాగానే ఆ నవ్వు ఆగిపోయింది. పన్నీరు చల్లుతున్న పెద్దావిడను ఎక్కడున్నా గుర్తుపట్టగలదు.

"ఆవిడ ఎవరండీ?"

"పెండ్లికొడుకు రాజీవ్ వాళ్లమ్మ, తాయారమ్మ. మిరపకాయల మండీ ఆదికేశవులు భార్య. ఏం, తెలుసునా?"

"అబ్బే, లేదు."

తెలియకపోవడమేం! పోయిన వేసవిలో ఆ రాజీవ్ కోసమే తల్లీతండ్రీ తెనాలి వచ్చి తనను చూసుకున్నారు. కాఫీ అందిస్తుంటే తాయారమ్మ ఎగాదిగా చూసి, మొగుడి చెవిలో "నల్ల పిల్ల" అంది. హైమ చెవిన పడనే పడింది. కాఫీ సాసర్లోకి ఒలికింది. వాళ్లు అటు వెళ్లగానే హైమ ఏడుస్తూ తండ్రితో చెప్పేసింది. "రంగు చూసి ఆడపిల్లను తూచేవాళ్ల సంబంధం మనకొద్దు" అని తండ్రి ఆ సాయంత్రమే కబురు పంపించేశాడు. సంబంధం పోయింది కానీ ఆ మాట పోలేదు. పౌడరు రాసుకుంటుంటే అద్దంలోంచి అదే పలికేది. మెడలో తాళి పడుతున్నప్పుడూ అదే.

ఇవాళ దొరికింది మహాతల్లి!

"ఏవండీ, ఆవిడకు ఉత్తి ఫ్లాష్ కొడితే?"

"పెండ్లికొడుకు అమ్మకా? నా నోట్లో మట్టి కొడతావా ఏం? ఆమెకు ఒక్కడే కొడుకు. ఆల్బంలో ఆమె లేకపోతే చూలైలో నన్ను మళ్లీ పిలిచే నాథుడుండడు."

"సరదాకి అన్నాన్లెండి."

స్తంభం చాటుకు వెళ్లి సంచి దించింది. రెండూ ఒకే రకం కెమెరాలు. ఉత్తిదాని ఎర్రదారం పళ్లతో పుటుక్కున తెంపేసింది.

ఇక చూడాలి ఆమె చురుకు! తాయారమ్మ పక్కకు తప్పుకుంటే రోలున్న కెమెరా, ముందుకొస్తే ఉత్తిది. వెంకటపతి చూపంతా పెళ్లిపీటల మీదే. వెనక్కి చెయ్యి చాస్తాడు, చేతిలో ఏది పెడితే దానితో నొక్కుతాడు. తాళి కట్టేటప్పుడు తాయారమ్మ అడ్డం లేదు గనక రాజీవ్ బతికిపోయాడు. కొడుకు నోట్లో మిఠాయి పెట్టింది. ఉత్తిది. కోడలికి హారం వేసింది. ఉత్తిది. బంధువుల మధ్య కొడుకు భుజం మీద చెయ్యేసి నిలబడింది. ఉత్తిదే.

"కొంచెం నవ్వండమ్మా!" అంది హైమ తీయగా.

తాయారమ్మ నవ్వింది. "కండ్లు మూసేసినాను తంబీ. ఇంకొకటి ఎత్తు."

"ఎత్తండీ! ఎన్నయినా ఎత్తండి!" హైమ కడుపు పాయసం తాగినంత చల్లగా అయింది. ముసలితనంలో ఆల్బం తిరగేసుకుని, కొడుకు పెళ్లిలో తనెక్కడా అని వెతుక్కోవాలి ఈవిడ!

కారు కొత్త దంపతులను ఎక్కించుకుని వెళ్లిపోయింది. హైమ సామాను సర్దుతుంటే తాయారమ్మ తాంబూలం పట్టుకుని వచ్చింది.

"పొద్దుట్నించీ చూస్తా ఉండాను, ఎవురిదబ్బా ఈ మొకం అని. నువ్వు తెనాలి పిల్లవు గదమ్మా! నిన్ను చూసినాంక మావాడికి ఇంకో సంబంధమే వద్దంటిని. మీ నాయనే కాదు పొమ్మన్నాడు. మేమేం తప్పు చేసినామో ఏమో!"

హైమ తాంబూలం అందుకుంది. ఎంత నాటకం!

తాయారమ్మ ఆమె బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. "నల్ల పిల్లను కట్టుకున్నావు తంబీ!" అని వెంకటపతి భుజం తట్టి వెళ్లిపోయింది.

"విన్నారా? మీ ఎదుటే, నా మొహం మీదే!" హైమ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "తెనాలిలోనూ ఇదే మాట అంది. అందుకే ఆవిడ నిలబడ్డప్పుడల్లా ఉత్తి కెమెరానే ఇచ్చాను. ఆల్బంలో ఒక్కచోట కనబడితే అప్పుడడగండి!"

వెంకటపతి సంచి జిప్పు వదిలేసి ఆమె వైపు తిరిగాడు.

"ఏం మాట అనింది?"

"నల్ల పిల్ల అని!"

అతను అక్కడే, ఎంగిలి ఆకుల పక్కన మెట్టు మీద కూలబడ్డాడు.

"హైమా, అరవంలో 'నల్ల' అంటే 'మంచి'."