సన్న గీతలు

హోప్ టౌన్ వెళ్లే ఫెర్రీ పడవలో పెయింటరు భాస్కరరావు రంగు డబ్బాతో కనిపిస్తే చాలు, జనం ముసిముసిగా నవ్వుకునేవారు. మళ్లీ సమాధికి సింగారమా అని.

నవ్వరూ మరి? పోర్ట్ బ్లెయిర్‌లో షోకైన ఇంగ్లీషు అక్షరాలంటే భాస్కరరావే రాయాలి. నిలువు గీత బొటనవేలంత లావు. అడ్డగీత వెంట్రుకంత సన్నం. కొసలకి పదునైన పాదాలు. ఫోటో స్టూడియోకి, టైలరు షాపుకి, పెళ్లిపందిరి బోర్డుకి అవే కావాలనేవారు. డోంగీల మీద, ఆ చేపల పడవల మీద మాత్రం చచ్చినా రాసేవాడు కాదు. ఉప్పుగాలికి సన్న గీతలు ఊడిపోయి, లావు గీతలు కంచె కర్రల్లా మిగులుతాయని తనే చెప్పేవాడు.

అంత తెలిసినవాడు ఆరుబయట, సముద్రం పక్కన, సమాధి చెక్క మీద అవే అక్షరాలు రాశాడు. ‘గోవిందరాజులు’ అని. వానలు వెలిసినప్పుడల్లా పోయి సన్న గీతలు మళ్లీ దిద్దేవాడు.

ఆ అక్షరాలు నేర్పింది ఆ చెక్క కింద ఉన్న స్నేహితుడే. అండమాన్‌కి సెటిలర్ల ఓడలు వస్తున్న రోజుల్లో, ఓడలోనే పరిచయం. డెక్కు మీద సుద్దముక్కతో దిద్దించాడు. సర్కారీ పెయింటరు ఉద్యోగం ముందే వచ్చింది ఆ స్నేహితుడికి. ఇతను పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు. దిగిన వారానికే స్నేహితుడు జ్వరంతో పోయాడు. తడికట్టెలు అంటుకోక పూడ్చిపెట్టారు. స్నేహితుడి ఆర్డరు కాగితం చూపిస్తే ఆ ఉద్యోగం ఇతనికి దక్కింది. వాడి నోటి దగ్గర కూడు లాక్కున్నానని లోలోపల కుమిలిపోయాడు. ఆ మాట భార్య కమలాకుమారికి కూడా చెప్పుకోలేదు.

ఆమె టీచరు. ఈ దిద్దుడు చూసి చూసి విసుగెత్తి, మేస్త్రి జోగులు చేత సిమెంటు పలక పోయించింది. పేరు మీరు గీస్తే అతను చెక్కుతాడు, ఈ ఫెర్రీ తిరుగుళ్లు తప్పుతాయి అంది. పాపం, మంచికే అంది.

భాస్కరరావు పలకని తడిమి చూశాడు. చెక్క మీద రాత వానకి పోతుంది. ఇది తను పోయాక కూడా ఉంటుంది. ఒక ఆదివారం ఒళ్లు బాగోలేదన్నాడు. ఇంకో ఆదివారం పెన్సిలు మంచిది దొరకలేదన్నాడు. వంకలు అయిపోయాక ముగ్గురూ సమాధి దగ్గరికి వెళ్లారు. ఒక్క గీత తప్పకుండా గీశాడు.

జోగులు తల గోక్కున్నాడు. “ఇంత పత్లా గీత ఉలికి నిలుస్తాదేటి భయ్యా?”

“నిలబెట్టు జోగులూ. ఈ ఒక్క పేరు పోకూడదు.”

కమలాకుమారి వంగి చదివింది. ముఖం పాలిపోయింది. “ఇదేంటండీ, భాస్కరరావు అని రాశారు? బతికుండగా సమాధి మీద మీ పేరేంటి?”

అతను పెన్సిలు కింద పెట్టాడు.

“అది వాడి పేరు కమలా, గోవిందరాజుల్ని నేను.”