మాస్కు ఆటలో పెళ్లికొడుకు

"ఆ ఆడవేషం కట్టినవాడే మావాడు, వదినగారూ! నడుం ఎలా తిప్పుతున్నాడో చూడండి!"

తేసొప్ తల్లి మోచేత్తో పొడిచేసరికి మల్సూన్‌కు నవ్వాగలేదు. బూసాన్ నుంచి మూడు గంటలు బస్సులో కుదుపులు తిని ఆమె వచ్చింది పెళ్లికొడుకును చూడటానికి. ఆ పెళ్లికొడుకేమో పచ్చ రవిక, ఎర్ర పావడా కట్టి, బుగ్గలకు చెరో చుక్క దిద్దిన సొరబుర్ర మాస్కు పెట్టుకుని, ఊరి బడి మైదానంలో ఒక ముసలాడి చిన్నిల్లుగా గెంతుతున్నాడు.

పొద్దున బయల్దేరేటప్పుడు కూతురు యోన్‌హీ గుమ్మంలో అడ్డం నిలబడింది. "అమ్మా, నీకు నచ్చకపోతే మానేస్తాను. కానీ నచ్చకుండా మాత్రం తిరిగి రాకు," అంది. తండ్రి లేని పిల్ల. ఇరవై రెండేళ్లలో నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

"పోస్టాఫీసు ఉద్యోగం ఉందిగా, ఈ డప్పుల వాళ్ల సావాసం ఎందుకురా అంటే వినడు," తేసొప్ తల్లి మురిపెంగా విసుక్కుంది.

"తాగుతాడా?"

"పండక్కి గిన్నెడు బియ్యపు కల్లు. తాగితే పాడతాడు. కొట్టడు, తిట్టడు."

"మొగాడికి అంతకన్నా ఏం కావాలి!" మల్సూన్ మనస్ఫూర్తిగా అంది. సంబంధం సగం ఖాయమైనట్టే అనిపించింది ఆమెకు.

డప్పులు జోరందుకున్నాయి. ఆటలో చిన్నిల్లు నొప్పులు పడి గుడ్డబొమ్మను కంది. జనం పడీపడీ నవ్వారు. వెనక నుంచి ఒక మీసాలాయన, "దాని కొప్పు పట్టుకుని ఈడ్చండ్రా, కొంప ముంచిన ముండని!" అని అరిచాడు. పెద్దపెళ్లాం వేషం వచ్చి బొమ్మను లాక్కుంది. తేసొప్ మట్టిలో పొర్లి పొర్లి ఏడ్చాడు. వేషమని తెలిసినా మల్సూన్ కళ్లు తడయ్యాయి.

పక్కన తేసొప్ తల్లి తల వంచుకుని సంచిలో ఏదో వెతుక్కుంటోంది.

"చూడరేం వదినగారూ?"

"ఈ ఒక్క ఘట్టం నాకు పడదు. ప్రతి ఏడూ ఇక్కడే తలనొప్పి వస్తుంది. చిలగడదుంప తినండి, చల్లారిపోతోంది."

మల్సూన్ తొక్క తీస్తూ సంబంధం మాట్లాడేవాళ్లు అడిగేవే అడిగింది.

"అన్నయ్యగారు పోయి ఎన్నాళ్లయింది?"

"ఆరేళ్లు. ఎండు నెత్తళ్ల వ్యాపారం. హో సంగ్‌దల్ అంటే ఈ తీరమంతా తెలుసు. మంచాయనే. సామ్‌చన్‌పో రేవులో కొట్టు పెట్టి రెండేళ్లు ఇల్లు పట్టలేదు. జన్మలో నేను పడ్డ కష్టం ఆ రెండేళ్లే."

దుంప తొక్క మల్సూన్ వేళ్ల మధ్యే ఉండిపోయింది.

"ఈ అబ్బాయి ఒక్కడేనా?"

"ఒక్కడే. నలభై దగ్గర పడ్డాక పుట్టాడు. ఊరంతా నవ్వారు. నవ్వనీ! ఇదిగో, వీడి జాతకం. పుట్టిన ఏడు, నెల, రోజు, జాము. మంచిరోజు చూసి పెద్దవాళ్లతో పంపాలి గానీ, నాకు ఆగడం చేతకాదు."

మల్సూన్ చేయి తుడుచుకుని జాతకం చుట్టిన పట్టుగుడ్డ విప్పింది. కాగితం చదివింది. మళ్లీ చదివింది. మైదానంలో ఒక చిందు ముగిసి ఇంకోటి మొదలైంది.

"ఎవరికి చూపిస్తారు వదినగారూ? బూసాన్‌లో మంచి జ్యోతిష్కుడున్నాడా?"

"ఎవరికీ చూపించను. ఈ పెళ్లి జరగదు."

"పరాచికాలా?"

"కాదు. ఊరి మధ్య పావడా కట్టి గెంతేవాడికి నా పిల్లనివ్వను."

"ఇందాక అంతకన్నా ఏం కావాలన్నారే!"

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను."

తేసొప్ తల్లికి ఒళ్లు మండింది. "కుట్టుమిషను తొక్కుకు బతికేదానివి, ఇంత పొగరా! తండ్రి లేని పిల్లని జాలిపడ్డాను చూడు, నాదీ బుద్ధితక్కువ!"

మల్సూన్ జాతకం కాగితాన్ని గుప్పిట్లో బిగించింది. ఇంతలో ఆట అయిపోయింది. తేసొప్ మాస్కు నెత్తి మీదికి తోసుకుని, చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చి మట్టిలోనే మోకాళ్లూని దండం పెట్టాడు.

"అమ్మా! అంత దూరం వచ్చారా!"

పిల్లతల్లిని అక్కడ ఎవరైనా పిలిచే పిలుపే అది. మల్సూన్ అతని నుదురు, చెవులు, మట్టి కొట్టుకున్న చేతులు తీరిగ్గా చూసింది.

"అన్నం తిన్నావా?" అని అడిగింది.

"ఆవిడతో నీకేం మాటలురా! నీకు పిల్లనివ్వదట!"

అతని ముఖం పాలిపోయింది. "నా తప్పేంటో చెప్పండమ్మా, దిద్దుకుంటాను. ఆట మానెయ్యమంటే ఈ క్షణమే మానేస్తాను."

"ఆట మానకు. యోన్‌హీని మానెయ్. ఒక్క ఉత్తరం కూడా రాయకు."

అతను చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుని నడిచింది. "దరిద్రం వదిలింది, దాని వెనక ఉప్పు చల్లండ్రా!" అని తేసొప్ తల్లి అరుస్తూనే ఉంది. ఎవరో నిజంగానే చల్లారు. నాలుగు ఉప్పురాళ్లు మల్సూన్ మెడ మీద పడ్డాయి.

బస్సులో కూర్చున్నాక ఆమె ఏడ్చింది. యోన్‌హీ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. నచ్చలేదని చెప్పాలి. ఆ పిల్ల బతికినంతకాలం క్షమించదు. క్షమించకపోయినా సరే, అసలు కారణం మాత్రం దాని చెవిన పడకూడదు.

గుప్పిట్లో జాతకం నలిగిపోయి ఉంది. తిరిగివ్వడం మరిచిపోయింది. విప్పి మళ్లీ చూసింది. ఏడు సరిపోయింది, నెల, రోజు కూడా. జాము ఒక్కటే తప్పు, నడిరాత్రి అని రాశారు.

తెల్లారాక, సామ్‌చన్‌పో రేవులో, వాణ్ణి కన్నది తనే.