మాడిన ఫ్యూజు

"ఆయన వచ్చేలోపల ఇది వెలగాలండీ," అంది జోలీన్ మళ్లీ. "లేకపోతే నన్ను బతకనివ్వడు."

వర్నన్ ఓవెన్‌ని గోడ దగ్గర్నుంచి ముందుకు లాగాడు. "వెలుగుతుందమ్మా. సెల్ఫ్‌క్లీన్ బటన్ నొక్కారు కదూ?"

ఆమె తప్పు చేసినదానిలా తలూపింది.

థాంక్స్‌గివింగ్ పండగ విందు రేపనగా మిషిగన్‌లోని ఆ మంచు ఊళ్లో ఓవెన్లు బాగుచేసేవాడికి ఊపిరి సలపదు. ఏడాదంతా కనపడని జిడ్డు ఆ రోజే ఇల్లాళ్ల కంట్లో పడుతుంది. బటన్ నొక్కేస్తారు. ఓవెన్ తన తలుపు తానే బిగించుకుని, లోపలి జిడ్డు బూడిదయ్యేంతగా కాగుతుంది. ఆ వేడికి వెనకనున్న ఫ్యూజు కాస్తా మాడి చస్తుంది. ఇక తలుపు రాదు, ఓవెన్ వెలగదు, ఇంటిల్లిపాదికీ ఏడుపు. పొద్దుట్నుంచి వర్నన్‌కి ఇదే పని.

"ఎక్కడికెళ్లాడు మీ ఆయన?"

"డెల్ జింకల వేటకెళ్లాడు. చీకటిపడేలోపు వస్తానన్నాడు. రాగానే పాస్టీలు వేడివేడిగా ఉండాలి." మాంసమూ దుంపలూ కూరిన పాస్టీలు బల్ల మీద పచ్చిగానే పడున్నాయి. ఆమె కళ్లు వాటి మీద కంటే వీధి తలుపు మీదే ఎక్కువున్నాయి.

వర్నన్ వెనక రేకు విప్పాడు. మీటరు పెట్టి చూశాడు. అనుకున్నట్టే ఫ్యూజు పోయింది. కొత్తది బిగించి, తలుపు గడియని స్క్రూడ్రైవర్‌తో తప్పించాడు. తలుపు తెరుచుకుంది కానీ మళ్లీ సరిగ్గా మూసుకోలేదు. ఒక పక్క మడతబందు వంగిపోయి ఉంది.

"దీని మీద ఎవరు పడ్డారు?"

"పెనం పడింది."

"పెనానికి ఇది వంగదమ్మా. మనిషి బరువు పడాలి. మెడకేమైంది?"

జోలీన్ మఫ్లర్ పైకి లాక్కుంది. "అల్మారా తలుపు తగిలింది."

"అల్మారా తలుపులకి వేళ్లుండవు."

"ఇవన్నీ మీకెలా తెలుసు?" అంది ఆమె.

"ఇన్నేళ్లుగా వంటిళ్లలో తిరుగుతున్నాను." శ్రావణంతో మడతబందుని సరిచేస్తున్నాడు కానీ వర్నన్‌కి ఒళ్లు మండిపోతోంది. పెళ్లాం మీద చెయ్యెత్తే వాణ్ని నిలబెట్టి చర్మం ఒలిచినా పాపం లేదనుకున్నాడు. "వినండి. కొట్టాక ఏడుస్తాడు. తాగి ఉన్నానంటాడు. నువ్వే నన్ను అంతదాకా తెచ్చావంటాడు. నమ్మకండి."

"అచ్చం అవే మాటలు," అంది జోలీన్.

ఓవెన్ వెలిగింది. ఆమె గబగబా పాస్టీలు లోపల పెట్టింది. వర్నన్ కిటికీ దగ్గరికెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు. భార్య నాడీన్ వెంటనే ఎత్తింది.

"కాస్త ఆలస్యమవుతుంది. భోజనం వేడిగా ఉంచు."

"ఉంచుతాను."

"ఎవరైనా వచ్చారా?"

"లేదు. ఎవరూ రాలేదు. ఇల్లు సర్దుతున్నాను."

అంతలో వాకిట్లో ట్రక్కు ఆగింది. జోలీన్ మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. డెల్ మంచు బూట్లతోనే లోపలికొచ్చాడు. పెళ్లాన్నీ, కిటికీ దగ్గర పరాయి మగవాణ్నీ చూశాడు. ఓవెన్ లోపల పాస్టీలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"నేనటు వెళ్లగానే ఇటు వీణ్ని పిలిపించుకున్నావన్నమాట."

"ఓవెన్ పాడైంది, డెల్. బాగుచెయ్యడానికి..."

మాట పూర్తికాలేదు. జుట్టు పట్టి ఆమె తలని బల్లకేసి బాదాడు. ఎత్తి ఇంకోసారి బాదబోయాడు.

వర్నన్ చేతికి రెంచి ఎప్పుడొచ్చిందో అతనికే తెలియదు. మొదటి దెబ్బకి డెల్ మోచెయ్యి విరిగింది. రెండోది ముక్కు మీద పడింది. డెల్ ఓవెన్‌కి గుద్దుకుని కింద పడ్డాడు. వర్నన్ రెంచి పారేసి గుండెల మీద కూర్చుని పిడికిళ్లతో మొదలుపెట్టాడు. డెల్ పళ్లు ఊడి నెత్తురు నేల మీదికి కారింది. అరుపులు ఆగాయి. అయినా వర్నన్ ఆపలేదు.

"చాలు, ఆపండి," అంది జోలీన్. "చచ్చిపోతాడు."

అప్పుడు ఆగాడు. డెల్ ఊపిరి గుర్రుగుర్రుమంటూ వస్తోంది. వర్నన్ లేచి ఆమెకి చెయ్యందించబోయాడు. ఆమె గోడకి అంటుకుపోయి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. పాపం, ఆ వెధవ ఎంతగా హడలగొట్టాడోనని అతని మనసు కరిగిపోయింది.

"నేను మిమ్మల్ని ఏమీ చెయ్యనమ్మా. కోటు వేసుకోండి. మీవాళ్లెవరైనా ఉన్నారా?"

"మా అక్క."

ఓవెన్ ఆపి, అంబులెన్సుకి ఫోన్ చేసి, ఆమెని వ్యానులో కూర్చోబెట్టుకున్నాడు. దారంతా ఆమె తలుపుకి ఒదిగి కూర్చుంది. వాళ్లక్క గుమ్మంలోనే చెల్లెల్ని వాటేసుకుని భోరుమంది. పోలీసుల సంగతి తను చూసుకుంటానంది. కళ్లు తుడుచుకుని వర్నన్ రెండు చేతులూ పట్టుకుంది.

"మీలాంటి మనిషి దొరకడం మీ ఆవిడ అదృష్టం."

"అబ్బే, ఎవరైనా చేసేదే," అన్నాడు వర్నన్ సిగ్గుపడుతూ.

రోడ్డు పక్కన ఆగి మంచుతో చేతుల నెత్తురు కడుక్కున్నాడు. వేళ్లు వాచిపోయాయి. నొప్పిగానే ఉన్నా మనసు తేలికపడింది, చాలా రోజుల తర్వాత ఒక మంచి పని చేశాడు. ఇప్పుడు బాగా ఆకలేస్తోంది. అనుకున్నదాని కంటే చాలా ఆలస్యమైపోయింది, భోజనం చల్లారిపోయే ఉంటుంది. వ్యానుని తన వాకిట్లోకి తిప్పాడు.

ఆ చప్పుడు వినగానే నాడీన్ పిల్లల్ని మంచం కిందికి తోసింది.