మధ్యరకం నీళ్ళు

"ఇంక నాన్చకుండా సంతకం పెట్టెయ్యమ్మా. ఒకటో తారీఖు నుంచి పటిక బాబాయ్‌కి విశ్రాంతి, మనకి శాంతి," అన్నాడు మేనేజరు, కాగితం ఇంజనీరమ్మ ముందుకు తోస్తూ.

ఇంజనీరమ్మ కలం తీసింది గానీ మూత తియ్యలేదు. ఆరు నెలలుగా ఆమె ఈ నీటి శుద్ధి కేంద్రంలోనే పడి ఉంది. ప్రోగ్రాము పద్నాలుగుసార్లు తిరగరాసింది. కళ్ళకింద నలుపు, మెడ పట్టు, ఎవరు పలకరించినా విసుగు. ఈ ఒక్క సంతకం గీకి పడేస్తే ఇంటికెళ్ళి రెండు రోజులు ఒళ్ళెరగకుండా నిద్రపోవచ్చు.

చెప్పుకోడానికి పని చిన్నదే. ఏటి నుంచి వచ్చే నీళ్ళలో మట్టి ఎంతుందో చూసి, దానికి తగ్గట్టు పటిక కలపాలి. తక్కువైతే మట్టి అడుక్కి దిగదు, తాగిన జనం జబ్బు పడతారు. ఎక్కువైనా ప్రమాదమే. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ లెక్క పటిక బాబాయ్‌ది. గంటకోసారి గాజు గ్లాసుతో నీళ్ళు ముంచుతాడు, కిటికీ వెలుగుకి ఎత్తి చూస్తాడు, ఒక అంకె కొడతాడు. పటిక ఆ అంకె ప్రకారమే పడుతుంది. పక్కనే తెర మీద ప్రోగ్రాము కూడా తన అంకె చూపిస్తుంది, ఉత్త పరీక్ష కోసం. ఆర్నెల్లలో నూటికి తొంభై ఎనిమిదిసార్లు ఇద్దరి అంకెలూ ఒకటే.

"తొంభై ఎనిమిది!" మేనేజరు బల్ల మీద చరిచాడు. "పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేనూ మా ఆవిడా రెండుసార్లు కూడా ఒకే మాటన్న పాపాన పోలేదు. పైగా మెషిన్‌కి నడుం నొప్పి రాదు, సెలవు చీటీ పెట్టదు. ఇంకేం కావాలి నీకు?"

"ఇంత బాగా కుదిరిందనే భయంగా ఉంది సార్."

"మీ ఇంజనీర్లతో ఇదే గొడవ. పని చెయ్యకపోతే ఏడుస్తారు, చేస్తే అనుమానపడతారు. నేను టీ తాగొచ్చేలోపు సంతకం అయిపోవాలి." చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమె కాగితం వంక చూస్తూ కూర్చుంది. పటిక బాబాయ్‌కి ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. ఇంట్లో మంచాన పడ్డ భార్య ఉంది. ఉద్యోగం పోతే ఈ ఆవరణలోని క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలి. ఆయన్ని తలుచుకుంటే ఆమెకి జాలేసింది. తనని తలుచుకుంటే సిగ్గేసింది. కాగితం మడిచి చేత్తో పట్టుకుని పక్క గదిలోకి నడిచింది.

బాబాయ్ కిటికీ దగ్గర గ్లాసు ఎత్తి చూస్తున్నాడు.

"బాబాయ్, మీకో మాట చెప్పాలి. కోప్పడకండి."

"కోప్పడే ఓపిక ఎక్కడిదమ్మా. చెప్పు."

"మొదట్లో అర్థం కానప్పుడల్లా నా ప్రోగ్రాము 'తెలియదు' అని చూపించేది. మేనేజరుగారు ఒప్పుకోలేదు. ఇంత పోసి కొన్న మెషిన్ తెలియదంటే పరువు పోతుంది, ఏదో ఒక అంకె చూపించి తీరాలన్నారు. వారం రోజులు పోట్లాడాను. ఆఖరికి ప్రాణం విసిగి, తెలియనప్పుడల్లా మీరు కిందటి గంటలో కొట్టిన అంకెనే చూపించేలా రాసిపడేశాను."

బాబాయ్ గ్లాసు దించాడు. "అంటే నీ మెషిన్ నన్ను చూసి రాస్తోందా?"

"మరీ మడ్డి నీళ్ళయినా, మరీ తేట నీళ్ళయినా సొంతంగానే చెబుతుంది. మధ్యరకం నీళ్ళొస్తే మాత్రం చేతులెత్తేస్తుంది. వానలు వెనకబట్టినప్పటి నుంచీ, ఈ నలభై రోజులుగా వస్తున్నవన్నీ అవేగా. నలభై రోజులూ మీరు ఒకే అంకె మీద నిలబడ్డారు. ఎంత నమ్మకం ఉంటే అలా నిలబడతారు! ఊరిని కాపాడింది మీ కళ్ళే బాబాయ్, నా ప్రోగ్రాము కాదు."

చేతిలోని కాగితాన్ని ఆమె అడ్డంగా చింపేసింది. చాలా రోజుల తర్వాత గుండె మీది బరువు దిగినట్టయింది.

"ఈ సంతకం నేను పెట్టను. పెద్ద మీటింగులో ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ఉద్యోగం పోతే నాది పోతుంది. మీ జోలికి ఎవరూ రారు."

బాబాయ్ మొహం విప్పారుతుందనుకుంది. ఆయన మాత్రం గోడ పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"చెప్పకమ్మా. నీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకు."

"అదేంటి బాబాయ్! మీ కోసమేగా నేను..."

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి గొంతు బాగా తగ్గించాడు.

"చూపు మసకేసి ఆర్నెల్లు దాటింది. చెబితే తీసేస్తారని చెప్పలేదు. మడ్డో తేటో అయితే తెలుస్తుంది గానీ, మధ్యరకం నాకూ తెలీదమ్మా. తల్లిలా తెర మీద అంకెలు ఇంతింత పెద్దవి చేసి పెట్టావు, ఆ నలభై రోజులూ నీ మెషిన్ ఏది చూపిస్తే అదే కొట్టాను."