పరగడుపున

"జావ తాగు. పరగడుపున సూదులు వేయించుకుంటే కళ్ళు తిరుగుతాయట," అన్నాడు తోంగ్.

"ఎవరు చెప్పారు?" అంది అతని భార్య రూఫెన్.

"ఆవిడే. సాయంత్రం నాతో డాన్సు చేసే ఆవిడ."

రూఫెన్ గిన్నె పక్కకు నెట్టేసింది.

కుడి భుజం పట్టేసి నెలలైంది. చెయ్యి చెవి దాకా కూడా లేవదు. ఆదివారం కూతురి పెళ్ళి. పెళ్ళినాటి పొద్దున కూతురి తల తల్లే దువ్వాలి, నడినెత్తి నుంచి కొసదాకా, ఎక్కడా ఆపకుండా. ఆ ఒక్క పని కోసమే రూఫెన్ మొదటిసారి ఆక్యుపంక్చర్‌కి ఒప్పుకుంది.

షెన్ డాక్టరు గురువారం మాత్రమే చూస్తాడు. ఒక్కసారి సూదులు వేసినా చెయ్యి కాస్త లేస్తుందని పేరు. అందుకే నంబరు దొరకడం గగనం. తోంగ్ ఎలాగో నంబరున్న వెదురు బిళ్ళ సంపాదించుకొచ్చాడు.

"ఇంకేం సెలవిచ్చింది ఆ మహాతల్లి?"

"వదులు చేతుల చొక్కా వేసుకోమంది. నేరేడులా రంగంటే యాంగ్‌మేయ్ పళ్ళు తినొద్దంది. డాక్టరు నాలుక చూస్తాడు కదా, పళ్ళ రంగు అంటితే ఏమీ తెలియదట."

"అంటే నా భుజం, నా నాలుక, నా చొక్కా, అన్నీ డాన్సులో మాట్లాడుకుంటున్నారన్నమాట!"

"నీ మంచికే కదే."

"నా మంచి చూడ్డానికి ఆవిడెవరు?"

రోజూ బాల్కనీలోంచి చూస్తూనే ఉంది రూఫెన్. సాయంత్రం కింద ఆవరణలో అందరూ డాన్సు చేసే పాట మొదలవగానే పచ్చ స్కార్ఫు ఆవిడ వచ్చేస్తుంది. తోంగ్ ఆవిడ ఎడమచెయ్యి పట్టుకుంటాడు. మిగతా జంటలు విడిపోయి మళ్ళీ కలుస్తాయి. వీళ్ళు మాత్రం పాట అయ్యేదాకా చెయ్యి వదలరు. అది చూసినప్పుడల్లా రూఫెన్‌కి ఒళ్ళు మండిపోతుంది.

తోంగ్ స్నానానికి వెళ్ళగానే బుట్టలోంచి గుప్పెడు యాంగ్‌మేయ్ పళ్ళు తీసి నమిలేసింది. డాక్టరు చెబితే వినేది. ఈవిడ చెబితే వినాలా?

వదులు చొక్కా మడిచి పక్కన పడేసి, నొప్పిని ఓర్చుకుంటూ బిగుతు పట్టు చొక్కా తొడుక్కుంది.

తోంగ్ ఆమెను వైద్యశాల గుమ్మం దగ్గర దింపి పనికి వెళ్ళిపోయాడు.

లోపల బల్ల మీద పచ్చ స్కార్ఫు ఆవిడ కూర్చుని కనిపించింది. ఇక్కడ కూడా దాపురించిందా, అనుకుంది రూఫెన్.

"వచ్చారా వదినా! జావ తాగారా?" అంటూ ఆవిడ లేచింది.

"మా ఇంటి జావ సంగతి మీకెందుకు?"

ఆవిడ రూఫెన్ రంగంటిన పెదాల వంక చూసింది. సంచిలోంచి వేడి బన్ను తీసింది.

"నోరు పుక్కిలించుకుని ఇది తినండి. ఇంకా టైముంది."

"మీ ఆయనకి పెట్టుకోండి."

"ఆయన పోయారు."

"అందుకని మా ఆయన దొరికాడా?"

ఆవిడ బన్ను మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

లోపల షెన్ డాక్టరు నాలుక చూసి మొహం చిట్లించాడు.

"నల్లగా ఉంది. పళ్ళు తిన్నావా? ఇంకేమన్నా తిన్నావా?"

"లేదండీ."

నాడి చూశాడు.

"పరగడుపున నేను సూది ముట్టుకోను. వచ్చే గురువారం రా."

"ఆదివారమే మా అమ్మాయి పెళ్ళి!"

"ఇక్కడ పడిపోతే ఆ పెళ్ళి కూడా చూడలేవమ్మా."

రూఫెన్ కళ్ళనీళ్ళతో బయటికొచ్చింది.

బిళ్ళలు చూసే అమ్మాయి చెయ్యి చాపింది. "అయితే మీ బిళ్ళ ఇంకొకరికి ఇస్తాను."

"ఎవరికైనా ఇవ్వు. ఆ పచ్చ స్కార్ఫుకి మాత్రం ఇవ్వకు!"

ఆ అమ్మాయి ఏదో అనబోయింది. పచ్చ స్కార్ఫు ఆవిడ వద్దన్నట్టు తల ఊపింది. బిళ్ళ పక్కనున్న ముసలాయన చేతికి వెళ్ళింది.

ఆవిడ రూఫెన్ దగ్గరికొచ్చింది.

"అమ్మాయిని చిన్న పీట మీద కూర్చోబెట్టండి వదినా. అప్పుడు మీ చెయ్యి అంత ఎత్తు లేవక్కర్లేదు."

ఆ మాట చెప్పి, వేలాడుతున్న ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

రూఫెన్ బిళ్ళలు చూసే అమ్మాయి వైపు తిరిగింది.

"ఆవిడ చేతికేమైంది?"

"పక్షవాతం. ఎవరైనా పట్టుకుంటే తప్ప నిలవదు."

"మరి నంబరు తీసుకోకుండా ఊరికే ఎందుకొచ్చింది?"

"ఎవరైనా రాకపోతే ఆ నంబరు దొరుకుతుందేమోనని," అంది ఆ అమ్మాయి. "కూతురి తల దువ్వాల్సిన తల్లి కదా, ముందు ఆవిడకి నయం కావాలని, ఎన్నాళ్ళకో దొరికిన తన బిళ్ళని మీ ఆయన చేతిలో పెట్టింది పాన్ అక్క."