ముద్దకి ముప్పై రెండు

"పదిహేడు... పద్దెనిమిది..." బావమరిది పైకే లెక్కపెడుతున్నాడు.

పెద్దాయన నములుతూనే ఉన్నాడు. నమిలిన ప్రతిసారీ తల కిందికీ పైకీ ఊగుతోంది. ముప్పై రెండయ్యాక మింగాడు.

"ఎందుకు బావా, దవడలకి ఈ చాకిరీ?"

"దీనికి ఇంగ్లీషులో ఓ మాటే ఉంది తెలుసా? ఫ్లెచరైజ్. విడవకుండా మెత్తగా నమలడం అని."

"అదెక్కణ్నించి ఊడిపడింది?"

"ఫ్లెచర్ అని ఒకాయన ఉండేవాడు. లావుగా ఉన్నాడని బీమా వాళ్లు పాలసీ ఇవ్వం పొమ్మన్నారట. ముద్ద నీరయ్యేదాకా నమిలి నమిలి చిక్కాడు. కనపడ్డవాళ్లందరికీ అదే చెప్పాడు. చివరికి ఆయన పేరే మాటైపోయింది."

"మీ పేరూ మాటవుతుందిలే బావా. అర్థం, అడ్డంపడ్డం."

పెద్దాయన వినపడనట్టు ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

వంటగదిలో కూతురు గడియారం చూసింది. ఒకటీ నలభై. ఓడరేవులో క్రేన్ నడిపే ఉద్యోగం వచ్చింది. రెండింటిలోగా ఫోన్ చేసి వస్తానో రానో చెప్పాలి. లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. పెద్దాయన ముప్పై ఏళ్లు ఎక్కి దిగిన క్రేనే అది. "ఆ ఎత్తు నీకొద్దు. నా నోటితో సరే అనను. అంటే పేరు మార్చుకుంటాను" అని నెల కిందట ఈ బావమరిది ముందే ఒట్టేశాడు. నాన్న కాదంటే వెళ్లనని కూతురు కూర్చుంది. ఇద్దరిదీ ఒకటే మొండితనం.

"నోట్లో ముద్ద ఉన్నప్పుడు అడుగు," తల్లి గొణిగింది. "ముప్పై రెండయ్యేదాకా ఇల్లు కూలినా మాట్లాడరు. తల మాత్రం ఊగుతుంది."

"మోసం కాదామ్మా?"

"ఇన్నేళ్లు కాపురం చేశాను. ఇది మోసమైతే మిగతావాటినేమనాలి? అవునూ, అటక మీది నాన్న పాత క్రేన్ గ్లవ్స్ అప్పుడే దించి ఉతికేశావేం? కిటికీలో ఆరుతున్నాయి."

"నేను దించలేదు."

"సర్లే. పద, టైమైపోతోంది."

పెద్దాయన ఆఖరి ముద్ద కలుపుతున్నాడు. చెయ్యి నోటి దగ్గరికి వెళ్లగానే తల్లి కన్నుగీటింది.

"నాన్నా, క్రేన్ ఉద్యోగంలో చేరనా?" గబుక్కున అడిగేసి, కూతురు నేల చూస్తూ నిలబడింది.

పెద్దాయన మూతి బిగిసింది. దవడలు ఆడాయి. తల కిందికీ పైకీ ఊగింది.

"ఊపారు! నేను సాక్షి!" బావమరిది అరిచాడు.

"మింగేలోపు ఫోన్ చెయ్యవే!" తల్లి వీపు మీద తోసింది.

కూతురు పరిగెత్తింది. పక్కగదిలోంచి గొంతు వినపడింది. "వస్తున్నానండీ. రేపే."

పెద్దాయన తీరిగ్గా ముప్పై రెండూ పూర్తిచేసి లేచి, చెయ్యి కడుక్కున్నాడు.

"నేను నోటితో ఏమీ అనలేదు. గుర్తుపెట్టుకో," అన్నాడు బావమరిదితో.

"అనలేదు బావా. మీ పేరు మీకే ఉంది."

"పాపం, నోట్లో ముద్ద ఉండి కాదనలేకపోయారు," అని లోలోపల మురిసిపోతూ తల్లి కంచం తియ్యబోయింది.

ఆఖరి ముద్ద కంచంలోనే ఉంది.