నమూనా ఏదీ?

పక్కగదిలోంచి ఆడగొంతు వినిపిస్తోంది. “ఇది కుడి చెవి. వినిపిస్తోందా? ఇది ఎడమ చెవి. వినిపిస్తోందా?”

“గొంతు భలే ఉందండీ! మీ స్టాఫా?” అని అడిగాడు వచ్చినాయన.

వినికిడి మిషన్ల ఫ్యాక్టరీ ఓనరు మొహం చిన్నబోయింది. పక్క కుర్చీలో కూర్చున్న పెద్దావిడను చూపించాడు.

“మా అక్కయ్యదండీ. పాత రికార్డింగు. ఇక్కడ తయారైన ప్రతి మిషన్నీ దాంతోనే పరీక్ష చేస్తాం. ఆపరేషన్లో గొంతు తీసేశారు. అంతకుముందు ఇంట్లో ఈవిడ మాట్లాడుతుంటే మాకెవరికీ సందు దొరికేది కాదు. ఇప్పుడేమో...”

అక్కయ్య చిటికె వేసింది. ఇక చాలు, పని చూడమని దాని అర్థం. గొంతు పోయాక ఆవిడ పిలుపూ, కోపమూ అన్నీ చిటికెలే. ఫ్యాక్టరీలో సగం వాటా ఆవిడది. ఆవిడ సరేననందే అక్కడ సంతకం పడదు.

వచ్చినాయన మెడకు పల్చటి మఫ్లర్ చుట్టుకున్నాడు. “జలుబా?” అన్నాడు ఓనరు. “గొంతుకు చల్లగాలి పడదండీ,” అని, కాఫీ అందుకుని మళ్ళీ మాటలు మొదలుపెట్టాడు. గదిలోకి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. వీడెక్కడి వాగుడుకాయరా బాబూ అనుకున్నాడు ఓనరు.

“అది సరే. మీరు చెప్పే ఈ గొంతు పరికరం కనిపెట్టింది ఆర్మీ ల్యాబ్ డాక్టర్లు కదా? మధ్యలో మీరెందుకు?”

“వాళ్ళకి కనిపెట్టడం వచ్చుగానీ కంపెనీలతో మాట్లాడ్డం రాదండీ. అందుకే టెండరు పిలిచి ఆ పని మా సంస్థకు అప్పజెప్పారు. తగిన ఫ్యాక్టరీ వెతకడం, లైసెన్సు రాయించడం, మీ పనివాళ్ళకి నేర్పించడం అంతా మా నెత్తినే. మా గడువు ఈ సాయంత్రంతో సరి. మీరూ కాదంటే ఆ పరికరం ల్యాబ్ బీరువాలోకి పోతుంది. ఇక దాని మొహం చూసేవాడుండడు.”

గటగటా కాఫీ తాగుతూనే ఇదంతా చెప్పుకొచ్చాడు.

“నెమ్మదిగా తాగండి బాబూ, పొలమారుతుంది!”

“నాకు పొలమారదండీ.” నవ్వితే భుజాలు కదిలాయి తప్ప చప్పుడు రాలేదు. పోనీలే, నవ్వయినా నెమ్మదిగా నవ్వుతున్నాడు అనుకున్నాడు ఓనరు. అక్కయ్య మాత్రం ఆ మనిషి మీంచి చూపు తిప్పడం లేదు. వాగుడు భరించలేక గుర్రుగా చూస్తోందనుకుని, ఓనరు తొందరపడ్డాడు.

“చూడండి, మొహమాటం లేకుండా చెప్తాను. ఇదివరకు ఒకటి కొన్నాం. గొంతుకు ఆనించి మాట్లాడేది. రేకుడబ్బాలో కందిరీగ దూరినట్టు మోత! మనవడు జడుసుకుని ఏడ్చాడు. అక్కయ్య అప్పుడే దాన్ని అటకమీదికి గిరాటేసింది. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. ఆవిడకు మళ్ళీ ఆశపెట్టి ఏడిపించడం నావల్ల కాదండీ.”

“ఇది ఆ బాపతు కాదండీ. యుద్ధంలో గొంతు పోయిన సిపాయికి వాడి పాత గొంతే తిరిగొస్తుంది. పాత రికార్డింగు ఉంటే చాలు.”

“అందరూ అలాగే అంటారు. నా దగ్గర ఆ పప్పులుడకవు. చెవుల వ్యాపారంలోనే తల నెరిసినవాణ్ణి. మిషన్ గొంతైతే గోడవతల ఉన్నా పట్టేస్తాను. ఏదీ, నమూనా తియ్యండి!”

“నమూనా ఉన్నది ఒక్కటేనండీ. అదీ ఒక సిపాయికి అమర్చేశారు. అతను లేకుండా అది గేటు దాటకూడదని ల్యాబ్ రూలు.”

“అయితే సిపాయీ వచ్చాడా?”

“వచ్చాడండీ.”

ఓనరు కిటికీలోంచి తొంగిచూశాడు. కింద కారు పక్కన ఒకాయన గుబురుమీసాలతో, ఛాతీ విరుచుకుని నిలబడి ఉన్నాడు.

“అయ్యయ్యో, పాపం ఎండలో నిలబెట్టేశారేమిటండీ!”

“అది కాదండీ, ఆయన...”

ఓనరు వినిపించుకుంటేనా! “ఇదిగో బాబూ, పైకి రా!” అని కేకేశాడు. వచ్చినాయన కుర్చీలో వెనక్కి వాలాడు. భుజాలు మళ్ళీ కదిలాయి.

మీసాలాయన మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఓనరు కళ్ళు మూసుకుని చెవి ముందుకు పెట్టాడు.

“ఊఁ, ఏదైనా మాట్లాడు.”

“నమస్కారమండీ. ఏం మాట్లాడమంటారు?”

“అదిగో! అదిగో గరగర!” ఓనరు బల్ల గుద్దాడు. “నే చెప్పలా? వట్టి రేకుడబ్బా! విన్నావా అక్కయ్యా? నా చెవి ముందా వీళ్ళ ఆటలు!”

మీసాలాయన బిక్కమొహం వేశాడు.

“నేను కారు డ్రైవర్నండీ. నా గొంతు పుట్టుకతోనే ఇంతే.”

ఓనరుకు తల కొట్టేసినంత పనయింది. “మరి... మరి సిపాయేడీ?” అన్నాడు.

అక్కయ్య చిటికె వేసింది. “ఉండక్కయ్యా,” అన్నాడు తమ్ముడు. ఆవిడ ఇంకా గట్టిగా వేసింది. లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, వచ్చినాయన ఎదురుగా నిలబడింది. ముందు తన మెడ తడుముకుంది. తర్వాత వేలితో అతని మఫ్లర్ చూపించింది.

అతను తలూపి మఫ్లర్ విప్పాడు.

“అక్కయ్యగారూ, పక్కగదిలో ఉన్న ఆ గొంతు మళ్ళీ మీకు ఇప్పిస్తానండీ.”

ఆ మాట అతని మెడమీది నల్లబిళ్ళలోంచి వచ్చింది.